రాఘవయ్యగారి కాపలా హెలికాప్టర్

జులై 6, ఆదివారం

స్కూలు ల్యాబులో మిగిలిపోయిన రికార్డు పుస్తకం ఇది. పిల్లలు ప్రయోగాలు రాసుకునే పుస్తకంలో నా సంగతులు రాయడం ఎందుకంటే, ఇవాళ బాపట్లలో చూసినది ఎవరికీ చెప్పకూడదనిపించింది. చెప్పకుండా ఉంటే లోపల కుదురుగా లేదు.

చర్చిలో ఆరాధన అయిపోగానే తెనాలిలో బండెక్కి బాపట్లలో దిగాను. పదకొండేళ్లుగా నా ఆదివారాలు ఇంతే. వరండాలో బల్లకు అటు రాఘవయ్య బాబాయ్‌గారు, ఇటు నేను. ఆయన వాయుసేనలో ఇరవై ఏళ్లు హెలికాప్టర్ల మెకానిక్‌గా చేసి వచ్చిన మనిషి. నేను రేపల్లెలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పుకునేవాణ్ణి. ఆయన పేరు వెంకటరాఘవయ్య, నా పేరు ఎజ్రా. ఆయనకు అరవై ఎనిమిది, నాకు నలభై ఆరు. మామూలుగా అయితే మేమిద్దరం రైల్లో పక్కపక్కన కూర్చుని కూడా పలకరించుకునేవాళ్లం కాదు. కలిపింది ప్లాస్టిక్కు, జిగురు, రంగులు, వాటితో బొమ్మ హెలికాప్టర్లు కట్టే పిచ్చి.

డిసెంబరులో తెనాలిలో మోడళ్లు కట్టేవాళ్ల ప్రదర్శన ఉంది. ఈసారి జంటల పోటీ పెట్టారు. చిక్కుకుపోయిన మనుషుల్ని తాడు మీద పైకి లాగే ఎమ్‌ఐ-17 నాది. అది గాల్లో కదలకుండా నిలబడినంతసేపూ చుట్టూ తిరుగుతూ కాపలా కాసే ఎమ్‌ఐ-35 ఆయనది. "కాపాడేదాన్ని ఎవడైనా కడతాడు. కాపలాది నాకివ్వు" అని పంతం పట్టి తీసుకున్నారు.

దాని ముక్కు మీద రెండు గాజు బుడగలుంటాయి. ముందు దాంట్లో గన్నర్, వెనక దాంట్లో పైలట్. ఆ గాజు చుట్టూ ఉండే సన్నటి చట్రానికి రంగు వేయాలి. అందరం టేపు అంటించి వేస్తాం. బాబాయ్‌గారు టేపు ముట్టుకోరు. ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగుతారు, అంతే.

ఇవాళ ఆ గీత గాజు మీదికి పోయింది. తుడిచి మళ్లీ గీశారు. మళ్లీ పోయింది.

"బ్రష్ పాడైందిరా" అన్నారు. ఇంకో బ్రష్ తీశారు. అదీ పాడైనదే అన్నారు.

నేను కిందపడ్డ ముక్క వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాను. అక్కణ్ణించి ఆయన కుడిచెయ్యి కనిపించింది. ఒడిలో ఖాళీగా ఉంది. బొటనవేలూ చూపుడువేలూ పొడుం నలుపుతున్నట్టు ఒకదాని మీద ఒకటి తిరుగుతున్నాయి. ఆయనకు పొడుం అలవాటు లేదు.

జులై 13, ఆదివారం

నేను వెళ్లేసరికి బల్ల మీద థిన్నర్ సీసా మూత తీసి ఉంది. వరండా అంతా ఘాటు. నాకు దగ్గొచ్చింది. ఆయన ఆ సీసా పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"వాసన రావట్లేదా బాబాయ్‌గారూ?"

"ఏం వాసన?"

ఆ మాట హాస్యానికి అనలేదు. నిజంగానే అడిగారు.

రంగు డబ్బాల మీద ఆయన రాసే చీటీలు కూడా చూశాను. పాతవాటి మీద అక్షరాలు బఠాణీలంత. కొత్తవాటి మీద ఆవగింజలంత.

జులై 15, మంగళవారం

నా భార్య కుసుమకు ఎవరి సంగతో అన్నట్టు చెప్పాను. ఆమె పద్దెనిమిదేళ్లుగా నర్సు. కూరగాయలు కోస్తూ వింది.

"వాసన తెలియట్లేదు, అక్షరాలు చిన్నవవుతున్నాయి, చెయ్యి ఖాళీగా ఉంటే వణుకుతోంది. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగుతోందా?"

గుర్తు తెచ్చుకున్నాను. స్టేషన్ దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు ఎడమ చెయ్యి ఊగుతుంది. కుడిది పక్కకు అంటుకుని ఉంటుంది.

"బాపట్ల బాబాయ్‌గారేగా?" అంది.

కత్తి పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ఆలస్యం చేయకండి. గుంటూరులో నరాల డాక్టరుకు చూపించాలి. మందులున్నాయి. ముందు పట్టుకుంటే చాలా ఏళ్లు బాగా నడుస్తుంది. ఈ ఆదివారమే చెప్పండి. మీరు చెబితేనే వింటారాయన."

ఈ ఆదివారం చెబుతాను.

జులై 20, ఆదివారం

చెప్పలేదు. బాబాయ్‌గారి భార్య, పిన్నిగారి తరఫు బంధువులెవరో వచ్చారు. వాళ్ల ముందు ఎలా చెప్పడం?

చట్రం పని ఆయన పూర్తి చేశారు. చూడలేకపోయాను. పాముపిల్ల పాకినట్టుంది గీత.

"ఎలా ఉంది?" అన్నారు.

"బాగుందండి. పైన మెరుపు పోవడానికి ఒక పూత కొట్టాలి కదా, నా దగ్గర మంచి స్ప్రే ఉంది, తీసుకెళ్లనా?" అన్నాను.

పాత బూట్ల డబ్బాలో దూది పరిచి జాగ్రత్తగా పెట్టి ఇచ్చారు. రైల్లో ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

జులై 24, గురువారం

కాస్త సరిచేశాను, అంతే.

మధ్యాహ్నం భోజనాల గంటలో ల్యాబు తలుపు వేసుకుని మూడు రోజులు కూర్చున్నాను. గాజు మీద ఆయన రంగును దూది పుల్లతో తీసేసి, టేపు సన్నగా కోసి అంటించి, మళ్లీ వేశాను. తోక మీద హెచ్చరిక పట్టీ కూడా వంకరగా ఉంటే అదీ వేశాను. ఎవరికీ నష్టం లేదు. ఆయన మనసు కష్టపడకుండా ఉంటుంది. ప్రదర్శన అయ్యాక నెమ్మదిగా చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను.

జులై 27, ఆదివారం

డబ్బా తెరిచి చాలాసేపు చూశారు. వెలుతురులోకి తీసుకెళ్లి భూతద్దం పెట్టి చూశారు.

"చూశావా ఎజ్రా, తడిగా ఉన్నప్పుడు వంకర అనిపించింది. ఆరాక ఎలా కూర్చుందో! నేను అనవసరంగా కంగారు పడ్డాను" అన్నారు.

అంత సంతోషంగా ఆయన్ని చూసి చాలా రోజులైంది. పిన్నిగారిని పిలిచి చూపించారు. ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బాగుందండీ మీ మిడత" అని వెళ్లిపోయారు.

మంచి పనే చేశాను.

ఆగస్టు 5, మంగళవారం

రెండోసారి. మళ్లీ పూత పేరు చెప్పే తెచ్చుకున్నాను. రెక్కల చివర పసుపు పట్టీలు.

ఆగస్టు 10, ఆదివారం

ఇవాళ పని తక్కువ, మాటలు ఎక్కువ. ఆయన ఉద్యోగం రోజుల గురించి చెప్పారు. హెలికాప్టర్ తిరిగి రాగానే రెక్క మీద వేలితో నిమురుతూ పగుళ్లు వెతికేవారట. వెంట్రుకంత పగులు కనిపించినా పుస్తకంలో రాసి ఎగరకుండా ఆపేయాలి. పైలట్లు తిట్టేవారట, పెద్ద ఆఫీసర్లు ఒత్తిడి చేసేవారట.

"రాయాల్సిందే అబ్బాయ్. కనిపించింది రాయకుండా పైన రంగు పూసేవాడు మెకానిక్ కాదు, హంతకుడు."

ఊరికే చెప్పారు. నన్ను ఉద్దేశించి కాదు.

ఆగస్టు 14, గురువారం

మూడోసారి. ఈసారి తలుపు మీది చిన్న అక్షరాలు.

ఆగస్టు 17, ఆదివారం

బాపట్ల వెళ్లాను. పిన్నిగారు పులిహోర చేశారు. చాలా బాగుంది. స్కూటర్ గురించి ఏదో మాట్లాడుకున్నాం. నా ఎమ్‌ఐ-17కి తాడు దించే యంత్రం బిగించడం పూర్తయింది. సాయంత్రం బండి నలభై నిమిషాలు ఆలస్యం.

ఆగస్టు 19, మంగళవారం

"బాబాయ్‌గారికి చెప్పారా?" అని కుసుమ అడిగింది.

చెప్పానన్నాను. చూపించుకుంటారట అన్నాను.

"ఎప్పుడు?"

"వచ్చే నెల."

సరే అంది. నా మాట నమ్మడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

ఆగస్టు 31, ఆదివారం

రెండూ పక్కపక్కన పెట్టి ఫోటోలు తీశాం. ఒక్క చెయ్యి చేసినట్టున్నాయి. ప్రదర్శన వాళ్లకు పంపితే వెంటనే జవాబు వచ్చింది. జంటల్లో ఇంత పొందికగా ఉన్నది ఇంకోటి లేదట.

బాబాయ్‌గారు ఆ జవాబు నా చేత రెండుసార్లు చదివించుకున్నారు.

సెప్టెంబరు 11, గురువారం

ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుండగా ఫోన్. బాపట్లలో స్కూటర్ పడిపోయింది. బాబాయ్‌గారి మోచెయ్యి గీసుకుపోయింది. పిన్నిగారు లేవలేకపోతున్నారు.

సెప్టెంబరు 12, శుక్రవారం, గుంటూరు

పిన్నిగారికి కుడి తుంటి ఎముక విరిగింది. రేపు ఆపరేషన్.

గుడికి వెళ్తున్నారట. రైల్వే గేటు దాటాక ముందున్న ఆటో ఆగింది. "బ్రేకు నొక్కాలని తెలుసు ఎజ్రా. ఆటో కనబడుతోంది. వేళ్లు రాలేదు" అన్నారు బాబాయ్‌గారు. ఆస్పత్రి వరండాలో ఇదే మాట నాకు నాలుగుసార్లు చెప్పారు. వేళ్లు రాలేదు. ఆ వేళ్లను ఎదురుగా పెట్టుకుని ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నారు.

వాళ్లమ్మాయి ఆమని చీరాల నుంచి వచ్చింది. అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "అన్నయ్యా, ప్రతి ఆదివారం మీరు వెళ్లి చూసుకుంటున్నారనే ధైర్యంతో ఉన్నాను. మీరు లేకపోతే మేం ఏమైపోయేవాళ్లం" అంది.

చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కారణం దొరకలేదు. మంచినీళ్లు తెస్తానని చెప్పి వెళ్లాను.

సెప్టెంబరు 14, ఆదివారం

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. ఈ ఆదివారం చర్చికి వెళ్లలేదు.

ఆగస్టు 17న ఏం జరిగిందో రాయాలి. ఆ రోజు పేజీ తీసి చూశాను. పులిహోర బాగుందని రాశాను. స్కూటర్ గురించి ఏదో మాట్లాడుకున్నాం అని రాశాను. నా కోసం నేను రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధమే.

జరిగింది ఇది. ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. పిన్నిగారు వడ్డిస్తూ అన్నారు:

"మీరిక స్కూటర్ తీయొద్దండి. మొన్న బజార్లో ఆగాల్సిన చోట ఆగలేదు. మీ చెయ్యి ఈ మధ్య వణుకుతోంది. నేను చూస్తూనే ఉన్నా. డాక్టరుకు చూపించుకుందాం."

బాబాయ్‌గారు కోపంగా లేచారు. ఎంగిలి చేత్తోనే వరండాలోకి వెళ్లి, ఎడమ చేత్తో హెలికాప్టర్ పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టారు.

"ఇదిగో, చూడు. చెయ్యి వణికేవాడు ఈ గీత గీస్తాడా? వెంట్రుకంత గీత ఇది. కళ్లజోడు పెట్టుకుని చూడు."

ఆవిడ దాన్ని చూడలేదు. నన్ను చూశారు.

"ఏం ఎజ్రా, నువ్వు పక్కనే కూర్చుంటావుగా. నువ్వు చెప్పు నాయనా. నువ్వేం చెబితే అదే."

నా నోట్లో ముద్ద ఉంది. నమిలి మింగాను. ఆలోచించుకోవడానికి కావాల్సినంత టైము దొరికింది.

"బాబాయ్‌గారి చెయ్యి బాగానే ఉందండి" అన్నాను.

ఆవిడ ముఖం తేలికపడింది. అందుకే ఇంత బాధ. ఆవిడ నన్ను నమ్మి, నెమ్మదించి, ఇంకాస్త పులిహోర వేశారు. ఇరవై అయిదు రోజుల తర్వాత అదే నమ్మకంతో స్కూటర్ వెనక ఎక్కారు.

ఇంకోటి కూడా రాయాలి. జాలితో చేశానని జులైలో రాశాను. జాలి కొంత ఉంది, కొంతే. ప్రదర్శనలో నా హెలికాప్టర్ పక్కన ఆ వంకర గీతలు నిలబడితే జంట చెడిపోతుందని చేశాను. పదకొండేళ్లు ఆయన దగ్గర నేర్చుకుని, మొదటిసారి ఆయన కంటే నేను బాగా గీశాను. ల్యాబులో టేపు పీకిన క్షణంలో ఎంత సంతోషించానో నాకు తెలుసు.

సెప్టెంబరు 16, మంగళవారం

స్కూలు నుంచి నేరుగా గుంటూరు వెళ్లాను. ఆపరేషన్ కాగితం మీద బాబాయ్‌గారు సంతకం పెట్టినప్పుడు ఒక డాక్టరు ఆ ఆవగింజలంత అక్షరాలు చూసిందట. ఇవాళ వచ్చి ఆయన్ని నడిపించింది, వేళ్లు ఆడించమంది. చిన్న వయసు, నెమ్మదిగా మాట్లాడుతుంది.

"ఎప్పటి నుంచి సార్ ఇలా?"

"ఇదేం లేదమ్మా. మొన్న పడ్డ అదురు. నేను మోడళ్లు కడతాను. గాజు మీద వెంట్రుకంత గీత గీస్తాను, నెల కిందట గీశాను. ఈ అబ్బాయిని అడగండి, ఇతనే సాక్షి."

డాక్టరు నా వైపు తిరిగింది.

నేను ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుని బయటికి వచ్చేశాను. ఫోన్ మోగలేదు. మెట్ల దగ్గర నిలబడి, ఎవరూ లేని ఫోన్‌లో "ఆఁ, చెప్పండి" అన్నాను.

ఇది కూడా రాశాను. రాయకుండా వదిలేయాలనిపించింది.

సెప్టెంబరు 17, బుధవారం

సెలవు పెట్టి మళ్లీ వెళ్లాను. బాబాయ్‌గారు మందుల కోసం కిందికి వెళ్లారు. పిన్నిగారు మెలకువగా ఉన్నారు. మంచం పక్కన నిలబడ్డాను.

"పిన్నిగారూ, ఆ రోజు నేను అబద్ధం చెప్పానండి."

"ఏ రోజు?"

"భోజనాల దగ్గర. బాబాయ్‌గారి చెయ్యి బాగుందని. ఆ గీతలు ఆయనవి కావండి. ఆయనవి చెరిపేసి నేను గీశాను. జులై నుంచి."

ఆవిడకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పైకప్పు వైపు చూస్తూ ఉన్నారు.

"నేను నిన్ను అడిగాను కదరా" అన్నారు చివరికి. గొంతు పెంచలేదు. "నాకు అనుమానం ఉండబట్టే అడిగాను. ఇంకెవర్నీ అడగలేదు, నిన్నే అడిగాను."

"అవునండి."

"నాకు చెప్పి ఏం లాభం? ఆయనకు చెప్పు. నేను చెప్పను."

అప్పుడే ఆయన మందుల సంచితో వచ్చారు. ఆవిడ ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. ఆయన్ని వరండాలోకి తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. ముందుగా ఏవో మాటలు అనుకుని వచ్చాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఏవేవి?" అన్నారు.

"చట్రం. తోక పట్టీ. రెక్కల చివరలు. తలుపు మీద అక్షరాలు."

"మొదటిది ఎప్పుడు?"

"జులై ఇరవై దాటాక."

ఆయన కుడిచెయ్యి మోకాలి మీద వణుకుతోంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నారు. నేను చూస్తుండగా పట్టుకోవడం అదే మొదటిసారి.

"నా చెయ్యి సంగతి నాకంటే ముందు నీకు తెలిసింది. నాకు చెప్పకుండా నీ దగ్గర దాచుకున్నావు" అన్నారు. చెయ్యి వదలకుండానే, "ఆ డాక్టరమ్మను పిలువు. పిలిచి, నువ్వు వెళ్లు ఎజ్రా" అన్నారు.

డాక్టరుకు కూడా చెప్పాను. ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది.

సెప్టెంబరు 18, గురువారం

కుసుమకు చెప్పాను. బాబాయ్‌గారికి ఆగస్టులోనే చెప్పానన్నది అబద్ధమని.

"నేను నర్సునండీ" అంది. "రోజూ నలుగురికి చెబుతాను, ముందే రావాల్సిందమ్మా అని. మన ఇంట్లోనే..." అని ఆగిపోయింది. అన్నం వడ్డించింది. తను తినలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

ఆరాధన అయ్యాక కాళ్లు వాటంతట అవే స్టేషన్ వైపు నడిచాయి. గేటు దగ్గర ఆగి వెనక్కి వచ్చాను.

సెప్టెంబరు 28, ఆదివారం

వెళ్లలేదు.

అక్టోబరు 5, ఆదివారం

వెళ్లలేదు. పిన్నిగారిని ఇంటికి తీసుకొచ్చారని ఆమని మెసేజ్ పెట్టింది. ఇదివరకు అన్నయ్యా అని మొదలుపెట్టేది. ఈసారి ఆ మాట లేదు.

అక్టోబరు 19, ఆదివారం

కుసుమ ఒక్కతే బాపట్ల వెళ్లి వచ్చింది. పిన్నిగారికి కాలి వ్యాయామాలు నేర్పిందట. బాబాయ్‌గారికి మందులు మొదలై నెల దాటిందట. పార్కిన్సన్స్ అని తేల్చారు. మొదట్లో వాంతులయ్యేవి, ఇప్పుడు పడుతున్నాయి.

"నా గురించి అడిగారా?"

"లేదు."

కాసేపటికి తనే అంది. "ఇంకాస్త ముందు వచ్చి ఉంటే అని డాక్టరు ఏమీ అనలేదట. రెండు నెలల్లో ఆ జబ్బుకు పెద్దగా తేడా రాదు. నేనూ అడిగి కనుక్కున్నాను. అది మీరు తెలుసుకోవాలి." చేతి సంచి కొక్కేనికి తగిలించింది. "కానీ ఆవిడ తుంటికి తేడా వచ్చింది. అదీ తెలుసుకోవాలి."

నవంబరు 9, ఆదివారం

ప్రదర్శన వాళ్లకు ఉత్తరం రాశాను. మా జంట రావడం లేదని, ఆగస్టులో పంపిన ఫోటోల్లో రెండో హెలికాప్టర్ మీది గీతలు ఎక్కువ భాగం నావని, ఆ సంగతి అప్పట్లో వెంకటరాఘవయ్యగారికి తెలియదని. అయ్యో అలాగా అని ఒక ముక్క జవాబు వచ్చింది.

డిసెంబరు 14, ఆదివారం

ఇవాళ తెనాలిలో ప్రదర్శన. మా ఇంటికి రెండు వీధుల అవతల. వెళ్లలేదు. మేడ మీద బట్టలు ఆరేశాను.

డిసెంబరు 25, గురువారం

చర్చి నుంచి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. పిన్నిగారు.

"పండగ శుభాకాంక్షలు ఎజ్రా."

థాంక్సండి అన్నానో లేదో కూడా గుర్తు లేదు.

"కుసుమను అడిగాను, నీ హెలికాప్టర్ అటక మీద పెట్టేశావట. ఆయనా బల్ల ఎత్తేయించారు. పొద్దస్తమానం టీవీ ముందు కూర్చుంటున్నారు. పక్క గదిలో ఉన్న నాకు ఆ టీవీ మోత పడట్లేదు. ఒక ఆదివారం రా."

"బాబాయ్‌గారు..."

"ఆయన రమ్మనలేదు. నేను రమ్మంటున్నాను. నిన్ను క్షమించేశాను అనుకోకు. నడక స్టాండు లేకుండా స్నానాల గదికి వెళ్లిన రోజు ఆలోచిస్తాను."

జనవరి 4, ఆదివారం

వెళ్లాను.

పిన్నిగారు చక్రాల స్టాండు పట్టుకుని తలుపు తీశారు. సన్నబడ్డారు. అడుగు వేసే ముందు ముఖం బిగిస్తున్నారు. లోపలికి దారి చూపించి, మెల్లగా తన గదిలోకి వెళ్లిపోయారు.

వరండాలో బల్ల మళ్లీ వేసి ఉంది. బాబాయ్‌గారు దాని ముందు కూర్చున్నారు. నన్ను చూసి తల ఊపారు. కూర్చోమనలేదు. నా కుర్చీ మీద పాత పేపర్లున్నాయి. నిలబడ్డాను.

ఎమ్‌ఐ-35 బల్ల మీద ఉంది. రంగంతా తీసేశారు. ఒంటి మీద ఒక్క పూత కూడా లేని బూడిదరంగు ప్లాస్టిక్కు. నావీ లేవు, ఆయనవీ లేవు.

"ఆ టేపు అంచు నేను చూశాను" అన్నారు, నా వైపు చూడకుండా. "భూతద్దంలో గీత పక్కన చిన్న గట్టులా కనిపించింది. నేను టేపు వాడను. అది నా గీత కాదని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని పక్కకు నెట్టేశాను. నాదే అయితే బాగుండునని నాదే అనుకున్నాను."

"తప్పు నాదండి."

"నీదే. కాదనట్లేదు. నాదీ కొంత ఉందని చెబుతున్నాను. స్కూటర్ తాళం చేతిలోకి తీసుకున్నది నేను."

"ఇద్దరూ కలిసి నా కాలు విరగ్గొట్టారు. ఇంక పంచుకోవడం ఎందుకు?" అని గదిలోంచి వినిపించింది. ఆ గొంతులో నవ్వు లేదు. కోపం కూడా మునుపటంత లేదు.

ఆయన మాత్ర వేసుకుని గంటయిందట. ఈ గంటన్నర చెయ్యి మాట వింటుందని చెప్పారు. బ్రష్ తీశారు. ఎడమ మోచెయ్యి బల్లకు ఆనించి, ఆ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. గీత మొదలైంది. ఇదివరకటిలా ఒక్క లాగు కాదు. చీమ నడిచినట్టు, ఆగి, మళ్లీ కదిలి, మళ్లీ ఆగి. వెనక బుడగ చుట్టూ తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. బ్రష్ ఎత్తి, వెనక్కి వాలి, కళ్లు మూసుకున్నారు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఎలా ఉంది?"

బాగుందండి అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. పదకొండేళ్ల అలవాటు అది. ఆయన అంత కష్టపడ్డారు. ఆ చెమట చూస్తుంటే ఎవరికైనా ఆ మాటే వస్తుంది.

"వంకరగా ఉందండి" అన్నాను.

ఆయన కళ్లు తెరవలేదు. లోపల స్టాండు చక్రాల చప్పుడు ఆగింది.

"ఎంత వంకర?" పిన్నిగారు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "నసగకుండా సరిగ్గా చెప్పు."

వంగి చూశాను. భూతద్దం తీసుకుని మళ్లీ చూశాను. "మూడు చోట్లండి. పైన రెండు. అవి చిన్నవి, తుడిచేస్తే పోతాయి. కింద కుడి మూలలో ఒకటి బాగా గాజు మీదికి వెళ్లింది. అది మళ్లీ గీయాలి."

బాబాయ్‌గారు కళ్లు తెరిచి చెయ్యి చాచారు. భూతద్దం ఇచ్చాను. చాలాసేపు చూశారు.

"పైన రెండూ నాకు తెలుసు. కిందది చూసుకోలేదు" అన్నారు.

దూది పుల్లను థిన్నర్‌లో ముంచి, ఆ మూల మెల్లగా తుడవడం మొదలుపెట్టారు. ఒకసారి చెయ్యి జారింది. ఆగి, మణికట్టు మళ్లీ పట్టుకున్నారు. నేను చెయ్యి చాచలేదు. చాచకుండా ఉండటానికి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

తల ఎత్తకుండానే అన్నారు:

"ఆ పేపర్లు కింద పెట్టి కూర్చో."

కూర్చున్నాను.